అద్దె ఇల్లు: అప్పు, విలువ, పన్ను
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితురాలిని కాను. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పిల్లలకు లెక్కలు చెప్పిన దానిని. నా తెలుగు మన సంఘం సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. గుణింతం తప్పితే పెద్దలు మన్నించాలి. లెక్క తప్పితే మాత్రం మన్నించవద్దు, అక్కడికక్కడే చెప్పండి.

ఉగాది సభలో సాధారణంగా భాష గురించి, సంస్కృతి గురించి మాట్లాడతారు. ఈ ఏడు నేను ఇంటి అద్దె గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు కొంచెం ఆశ్చర్యపోయారు. కానీ ఉగాదినాడు పంచాంగం విప్పి ఆదాయ వ్యయాలు చూసుకోవడం మన ఆచారమే గదా! ఏ రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని శ్రద్ధగా వింటాం. నేను చెప్పబోయేది కూడా ఆదాయ వ్యయాల మాటే.

దీనికి ఒక కారణం ఉంది. కొన్ని నెలల క్రితం మా చెల్లెలి కొడుకు ఒక సెమినారుకు వెళ్ళి వచ్చాడు. రాగానే, "పెద్దమ్మా, రెండో ఇల్లు కొంటున్నాను. అద్దెకు వచ్చినవాళ్ళే నా అప్పు తీరుస్తారు. ముప్పై ఏళ్ళకు ఇల్లు ఊరికే నాది అవుతుంది" అన్నాడు. నేను కాగితం, పెన్సిలు తీసుకురమ్మన్నాను. ఆ కాగితం మీద వేసిన లెక్కే ఈనాటి నా ప్రసంగం.

లెక్కకు ముందు మన పాత కథ కొంచెం చెప్పాలి.

మా తాత విశాఖపట్నం జిల్లా నుండి ఓడ ఎక్కి వచ్చి దిగువ పేరాక్ లోని ఒక కొబ్బరి తోటలో చేరాడు. తోటలో లయం ఇచ్చారు. వరుసగా గదులు, ముందు చిన్న వసారా. మా నాయన ఆ లయంలోనే పుట్టాడు. నేనూ అక్కడే పుట్టాను. పని ఉన్నంతకాలమే లయం. పని పోతే ఇల్లూ పోయేది. 1976లో నాయన 55 ఏళ్ళకు పని విరమించినప్పుడు ఒక నెలలో గది ఖాళీ చేయమన్నారు. అప్పుడు నాకు పదహారేళ్ళు. యాభై ఏళ్ళు ఉన్న ఇంట్లో మాది అని చెప్పుకోవడానికి ఒక తలుపుచెక్క కూడా లేదని ఆ రోజు తెలిసింది.

పెద్దలకు ఇంకొక సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ రోజులలో పెద్ద తోటలను ముక్కలు చేసి అమ్మేవారు. అమ్మిన చోట పనివారికి పని, ఇల్లు రెండూ పోయేవి. దానికి అడ్డుకట్టగా 1960లో తున్ వి.టి. సంబంధన్ గారు జాతీయ భూమి ఆర్థిక సహకార సంఘాన్ని స్థాపించారు. తోట కూలీలు చిన్న చిన్న మొత్తాలు దాచి వాటాలు కొన్నారు. కూలీల డబ్బుతోనే తోటలు కొన్నారు. మా నాయనకు కూడా ఒక వాటా ఉండేది. ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక దాచేవాడు. ఆస్తి అంటే మా తరానికి మొదటి పాఠం అదే.

తోట విడిచాక మేము తెలుక్ ఆన్సన్ లో, అంటే ఇప్పటి తెలుక్ ఇంతాన్ లో, ఒక పలకల ఇంట్లో నెలకు 45 రింగిట్లకు అద్దెకు దిగాము. ఇంటి యజమాని ఒక చీనా దుకాణదారుడు. ప్రతి నెలా మొదటి వారంలో నాయన అద్దె ఇస్తే ఆయన రసీదు రాసి ఇచ్చేవాడు. ఒక్క నెల కూడా తప్పలేదు. తోటలో దొరగారు, కిరాణిగారు ఎన్నడూ మాకు సంతకం చేసి ఏ కాగితమూ ఇవ్వలేదు. ఆ రసీదులంటే నాయనకు ఎంత గౌరవమో! బిస్కెట్ల డబ్బాలో పేర్చి పెట్టేవాడు. ఈ రసీదు మాట మళ్ళీ చివరలో వస్తుంది.

ఇక లెక్కకు వద్దాం.

మొదట అప్పు సంగతి. మావాడు చూసిన ఇంటి ధర 4,00,000 రింగిట్లు. బ్యాంకు 90 శాతం అప్పు ఇస్తుందనుకుందాం. అంటే 3,60,000. చేతి నుండి 40,000 పెట్టాలి. "పెద్దమ్మా, అంతే" అన్నాడు. అంతే కాదు నాయనా! ఇల్లు పేరు మీదకు మార్చే పత్రానికి స్టాంపు సుంకం ఉంది. మొదటి లక్షకు 1 శాతం, అక్కడినుండి ఐదు లక్షల వరకు 2 శాతం. నాలుగు లక్షల ఇంటికి అది 7,000 అవుతుంది. అప్పు పత్రానికి అర శాతం, అంటే 1,800. ఆ పైన న్యాయవాది ఫీజు, విలువ కట్టేవారి ఫీజు, ఇంటికి రంగులు, ఫ్యాన్లు, ఇనుప గేటు. 40,000 తో పోయే పని 50,000 దాటుతుంది.

మావాడికి ఇది రెండో అప్పు. మూడో ఇంటి అప్పు అయితే ఇంకొక అడ్డు ఉంది. 2010 నవంబరులో బ్యాంక్ నెగారా పెట్టిన నిబంధన ప్రకారం మూడో ఇంటి అప్పు విలువలో 70 శాతం మించకూడదు. అంటే 30 శాతం చేతి డబ్బే. 2013 నుండి ఇంటి అప్పు గడువు 35 ఏళ్ళు దాటకూడదు. వయసు పైబడిన మనబోటి వాళ్ళకు బ్యాంకులు ఇంకా తక్కువ గడువే ఇస్తాయి. గడువు తగ్గితే నెల వాయిదా పెరుగుతుంది. ఉద్యోగ విరమణ చేసి, గ్రాట్యుటీ డబ్బు చేతికి వచ్చాక ఇల్లు కొందామనుకునే సోదరులు దీన్ని మనసులో ఉంచుకోవాలి.

3,60,000 అప్పు, 4 శాతం వడ్డీ, 30 ఏళ్ళ గడువు అనుకుంటే నెలకు వాయిదా సుమారు 1,719. ఆ వీధిలో అద్దె 1,300. ఏడాదికి 15,600 వస్తుందని సెమినారులో చెప్పారట. నేను ఒక నెల తీసివేశాను. అద్దెవాళ్ళు మారేటప్పుడు ఇల్లు కొన్నాళ్ళు ఖాళీగా ఉండక తప్పదు. 14,300 మిగిలింది. మున్సిపాలిటీకి తలుపు పన్ను, అంటే మనం చుకాయ్ పింతు అంటామే అది, సర్కారుకు భూమి పన్ను, అగ్ని బీమా, చిల్లర మరమ్మతులు అన్నీ కలిపి 1,900 వేశాను. మిగిలింది 12,400. బ్యాంకుకు కట్టవలసింది ఏడాదికి 20,628. తేడా 8,228. అంటే నెలకు దాదాపు 686 రింగిట్లు తన జీతం నుండి వేసుకోవాలి.

"అద్దెకున్నవాళ్ళే అప్పు తీరుస్తారన్నావు, ఈ 686 ఎవరు తీరుస్తారు?" అని అడిగాను. వాడు మాట్లాడలేదు. వడ్డీ ఒక్క శాతం పెరిగి 5 అయితే వాయిదా సుమారు 1,933 అవుతుంది. ఇంకొక 214 పైన పడుతుంది. మన దేశంలో ఇంటి అప్పులు చాలావరకు మారే వడ్డీవే. కాబట్టి ఇది ఊరికే భయపెట్టే మాట కాదు.

నెలనెలా చేతి నుండి వేసుకోవడం తప్పని నేను అనను. వాయిదాలో కొంత అసలుకు పోతుంది, అది దాచుకున్నట్టే. కానీ దాచుకుంటున్నానని తెలిసి వేసుకోవాలి. ఊరికే వస్తుందనుకొని వేసుకోరాదు.

రెండవది విలువ. ఇంటి విలువ ఎంత అంటే మనవాళ్ళు పక్కింటాయన ఏమన్నాడో అది చెబుతారు. నేను 2009లో కులిమ్ లో ఒక అపార్టుమెంటు కొన్నాను, ధర 1,80,000. కొన్నేళ్ళకు పక్క ఇంటాయన తన దానికి 2,80,000 అడుగుతున్నానన్నాడు. నేను ఇంటికి వచ్చి మా వారితో లక్ష లాభం అని చెప్పాను. ఆ రోజు పాయసం కూడా వండాను! తరువాత ఒక పని మీద బ్యాంకు తరఫున విలువ కట్టేవారు వచ్చి 2,30,000 అన్నారు. అదే బ్లాకులో నిజంగా అమ్ముడుపోయినది 2,25,000 కు. అడిగే ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు. పాయసం ఖర్చు నా మీదే పడింది.

కాబట్టి మొదటి పద్ధతి, అదే వీధిలో, అదే కొలతల ఇళ్ళు ఈమధ్య ఎంతకు అమ్ముడుపోయాయో చూడాలి. ఆ వివరాలు ప్రభుత్వపు విలువ, ఆస్తి సేవల శాఖ దగ్గర ఉంటాయి. మీరు కాగితం మీద ధర తక్కువ రాసుకున్నా ప్రయోజనం లేదు. మార్కెటు విలువ ఎక్కువని ఆ శాఖ తేల్చితే స్టాంపు సుంకం దాని మీదే కట్టాలి.

రెండో పద్ధతి అద్దెను బట్టి చూడటం. మా అపార్టుమెంటు అద్దె ఇప్పుడు నెలకు 1,000. ఏడాదికి 12,000. ఒక నెల ఖాళీకి 1,000, నిర్వహణ రుసుము, పన్నులు, మరమ్మతులకు 2,200 తీసివేస్తే 8,800. దాన్ని 2,25,000 తో భాగిస్తే నూటికి సుమారు 3.9. మావాడి నాలుగు లక్షల ఇంటికి 12,400 చొప్పున 3.1 మాత్రమే. ఈపీఎఫ్ 2024 సంవత్సరానికి ప్రకటించిన డివిడెండు 6.30 శాతం. దానికి పైపు కారదు, తలుపు విరగదు. ఇంటి ధర పెరుగుతుంది గదా అంటారు. పెరగవచ్చు. పెరగకపోవచ్చు కూడా. పెరుగుతుందనే నమ్మకం మీదే కొనేవారు ఆ సంగతి తమకు తాము ఒప్పుకోవాలి.

భూమి పట్టా కూడా చూడాలి. శాశ్వత హక్కా, 99 ఏళ్ళ లీజా? లీజు అయితే ఇంకా ఎన్నేళ్ళు మిగిలి ఉంది? మిగిలిన ఏళ్ళు తగ్గేకొద్దీ బ్యాంకు వెనుకాడుతుంది, కొనేవాడూ వెనుకాడతాడు. అపార్టుమెంటు అయితే నిర్వహణ రుసుముతో పాటు మరమ్మతుల నిధి కూడా కట్టాలి. ఇరుగుపొరుగు కట్టకపోతే లిఫ్టు ఆగిపోతుంది. మీరు సక్రమంగా కట్టినా మీ ఇంటి విలువ తగ్గుతుంది.

మూడవది పన్ను. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. లెక్కల టీచరుకు సిగ్గుచేటు గాని, దాచి ఏమి లాభం?

ఆ అపార్టుమెంటు కోసం 1,62,000 అప్పు తీసుకున్నాను. ఏడాదికి వాయిదాలు 12,300. అద్దె నెలకు 900, ఏడాదికి 10,800. నిర్వహణ రుసుము 1,440. తలుపు పన్ను, భూమి పన్ను, బీమా కలిపి 560. నేను వాయిదాలు మొత్తం ఖర్చుగా వేసి, నాకు మిగిలింది ఏమీ లేదని అద్దె ఆదాయం దగ్గర సున్నా రాశాను. మూడేళ్ళు అలాగే రాశాను. తరువాత పన్నుల కార్యాలయం నుండి ఉత్తరం వచ్చింది, కాగితాలు పట్టుకొని రమ్మని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లల పరీక్ష కాగితాలలో ఎన్ని తప్పులు దిద్దిన చెయ్యి ఇది!

అక్కడి అధికారి ఓపికగా చెప్పారు. వాయిదాలో వడ్డీ భాగం మాత్రమే ఖర్చు. అసలు తీర్చడం ఖర్చు కాదు, అది మీ ఆస్తి పెరగడమే. నా వాయిదాలలో వడ్డీ సుమారు 7,200. 10,800 నుండి 7,200, 1,440, 560 తీసివేస్తే 1,600. ఆ 1,600 నా జీతానికి కలిపి పన్ను కట్టాలి. పన్ను పెద్దది కాదు. దాని మీద పడిన పెనాల్టీయే మనసుకు గుచ్చుకుంది. మోసం చేయాలని కాదు, తెలియక చేశాను. తెలియదన్న మాట పన్ను చట్టం వినదు.

కాబట్టి చిన్నవాళ్ళు రాసుకోండి. 1967 ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అద్దె ఆదాయమే. ఎంత చిన్నదైనా చూపించాలి. తీసివేయదగినవి: అప్పు వడ్డీ, తలుపు పన్ను, భూమి పన్ను, అగ్ని బీమా, ఉన్న దానిని బాగుచేసే మరమ్మతు, అద్దె వసూలు ఖర్చు, అద్దె ఒప్పందం తిరిగి రాయించే ఖర్చు. తీసివేయరానివి: అసలు చెల్లింపు, మొట్టమొదటి అద్దెదారుని వెదికిన ప్రకటన ఖర్చు, మొదటి ఒప్పందం ఖర్చు, కొత్తగా గది కట్టడం వంటి మెరుగులు. పాత రేకు మారిస్తే మరమ్మతు. కొత్త వరండా కడితే మెరుగు. ఈ తేడా తెలిస్తే సగం చదువు వచ్చినట్టే.

ఇంకొకటి. మనలో చాలామంది అద్దె వ్యాపార ఆదాయం కాదు. అటువంటప్పుడు ఖర్చులు అద్దెను మించితే ఆ నష్టాన్ని జీతం నుండి తీసివేయరాదు, వచ్చే ఏడాదికీ మోసుకుపోరాదు. మావాడి లెక్కలో మొదటి ఏడాది వడ్డీయే సుమారు 14,300. అద్దె 14,300 కు అది సరిపోయింది. మిగతా 1,900 ఖర్చు పన్నులో ఎక్కడా పనికిరాదు. సెమినారులో ఈ మాట చెప్పలేదట. కాగితాలు, రసీదులు 7 ఏళ్ళు దాచాలి.

అమ్మేటప్పుడు వేరే పన్ను ఉంది. 1976 చట్టం ప్రకారం స్థిరాస్తి లాభం మీద పన్ను. మలేషియా పౌరులైన వ్యక్తులు కొన్న మూడేళ్ళ లోపల అమ్మితే లాభంలో 30 శాతం, నాలుగో ఏడు 20, ఐదో ఏడు 15. ఆరో ఏటి నుండి అయితే, 2022 మొదలు జరిగిన అమ్మకాలకు పన్ను లేదు. కొన్నప్పటి స్టాంపు సుంకం, న్యాయవాది ఫీజు, చేయించిన మెరుగుల ఖర్చు లాభం నుండి తీసివేయవచ్చు, రసీదు ఉంటేనే సుమా! ఉంటున్న ఇంటికి జీవితంలో ఒకసారి మినహాయింపు కోరవచ్చు. దాన్ని చిన్న లాభం మీద వృథా చేసుకోకండి.

ఇప్పుడు నాలుగో మాట. దీనికి శాతాలు లేవు.

అద్దెదారుతో ఒప్పందం రాసుకోండి, స్టాంపు వేయించండి. స్టాంపు లేని కాగితం కోర్టులో సాక్ష్యానికి నిలవదు. రెండు నెలల అద్దె, నీళ్ళు కరెంటులకు అర నెల డిపాజిట్టు మన దేశపు వాడుక. ఆ డబ్బు మీది కాదు, వాళ్ళది. ఖర్చుపెట్టకండి. అద్దె రాలేదని తాళం మార్చి సామాను బయట పడేయకండి. 1950 నాటి చట్టం ప్రకారం కోర్టు ఉత్తర్వు లేకుండా ఇంట్లో ఉన్నవారిని వెళ్ళగొట్టరాదు.

2020 మార్చి 18న దేశమంతా రాకపోకల ఆంక్షలు వచ్చాయి. మా అపార్టుమెంటులో ఉన్నది ఒక ఫ్యాక్టరీ కార్మికుని కుటుంబం, ఇద్దరు పిల్లలు. ఏప్రిల్ లో ఆయన ఫోను చేసి, "టీచర్, ఈ నెల జీతం లేదు" అన్నాడు. అప్పుడు అద్దె 950. బ్యాంకులు ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఆరు నెలలు వాయిదాలు ఆపాయి. వాయిదా ఆగింది గాని వడ్డీ ఆగలేదు. మా వారు, "మనకూ వడ్డీ పడుతోంది, సగం అయినా అడుగు" అన్నారు. ఆయన మాటా న్యాయమే. నాకు మాత్రం లయంలో సామాను మూటకడుతున్న మా అమ్మ కనిపించింది. నాలుగు నెలలు 500 చొప్పున తీసుకుంటానన్నాను. ఆ తగ్గింపును కాగితం మీద రాసి ఇద్దరం సంతకం చేశాము. నాకు తగ్గినది 1,800 రింగిట్లు. ఆ కుటుంబం ఈనాటికీ అక్కడే ఉంది. ఒక్క నెల ఇల్లు ఖాళీ పడలేదు. లెక్కల టీచరుగా చెబుతున్నాను, అది నష్టం కాదు.

నెలనెలా వాళ్ళకు రసీదు రాసి ఇస్తాను. ఫోనులో డబ్బు వచ్చినా సరే, పుస్తకంలో రాసి చింపి ఇస్తాను. వాళ్ళ పెద్ద పిల్ల నవ్వుతుంది, ఈ కాలంలో రసీదు ఎందుకని. బిస్కెట్ల డబ్బా కథ ఆమెకు ఇంకా చెప్పలేదు.

మా చెల్లెలి కొడుకు కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "మరి కొనాలా, వద్దా పెద్దమ్మా?" అని అడిగాడు. నేను మూడు ప్రశ్నలు ఇచ్చాను. ఆరు నెలలు అద్దె రాకపోయినా వాయిదా కట్టగలవా? ధర అసలు పెరగకపోయినా ఈ ఇల్లు ఉంచుకుంటావా? ఇంట్లో ఉండబోయేవారిని మనుషులుగా చూడగలవా? మూడింటికీ అవునంటే కొను, కాదంటే ఆగు అన్నాను. వాడు ఆ నాలుగు లక్షల ఇల్లు కొనలేదు. తక్కువ ధరలో, తన ఊరికి దగ్గరగా, ఎక్కువ చేతి డబ్బు పెట్టగలిగేది వెదుకుతున్నాడు. వాడు మళ్ళీ నా దగ్గరకు కాగితంతో వస్తాడని నా నమ్మకం.

మన తాతలు మూట ఒకటి చంకన పెట్టుకొని ఈ గడ్డ మీద దిగారు. వాళ్ళ మనుమలం ఇప్పుడు ఇతరులకు తలుపు తెరిచే స్థితిలో ఉన్నాము. ఇది దేవుని దయ, వాళ్ళ చెమట ఫలం. తలుపు తెరిచేటప్పుడు లెక్క సరిచూసుకుందాం, పన్ను సక్రమంగా కడదాం, రసీదు ఇద్దాం.

 మీ అందరికీ ఆదాయం హెచ్చుగా, వ్యయం తక్కువగా ఉండాలని కోరుతూ ఉగాది శుభాకాంక్షలతో సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.